బుష్‌లో ఇరుక్కున్న నిట్టూర్పు

పొద్దున్నే గదిలోకి రాగానే వాపసమ్మ చేసే మొదటి పని కిటికీలో ఉన్న ఫ్యాను వెయ్యడం. లోపలి గాలిని బయటికి తోసేసే ఫ్యాను అది. అది తిరగడం మొదలైతే గానీ ఆ గదిలో ఏ మిషనూ విప్పకూడదు. తర్వాత చెప్పులు బల్ల కిందికి తోసి, కళ్లజోడు కొంగుతో తుడుచుకుని, ఎదురుగా పేర్చిన అట్టపెట్టెల వంక చూసి, "చెప్పండి నాయనా, ఇవాళ మీ రోగాలేంటో" అంటూ కూలబడుతుంది.

అది రికార్డు ప్లేయర్లు తయారుచేసే ఫ్యాక్టరీ. దారిన పోయేవాళ్లు కొనుక్కునే రకం కావు. ఒక్కోదాని ఖరీదుకి ఓ మాదిరి కారు వస్తుంది. కొన్నవాళ్లు వాటి ముందు చెవులు రిక్కించుకుని కూర్చుంటారు, ఏ మూల ఏ గరగర వినిపించినా మళ్లీ పెట్టెలో పెట్టి పంపించేస్తారు. అంత పోసి కొన్నాక ఊరుకుంటారా మరి. అలా తిరిగొచ్చిన ప్రతిదాన్నీ విప్పి, తప్పు ఏ భాగంలో ఉందో తేల్చడం ఆవిడ ఉద్యోగం. అందుకే వాపసమ్మ అని పేరు పడింది. పెళ్లయిన కొన్నేళ్లకే మొగుణ్ణి వదిలేసి అన్న ఇంటికి తిరిగొచ్చేసింది కాబట్టి ఆ పేరు తనకి రెండు విధాలా అతికిందని ఆవిడే చెప్పి నవ్వేది. ఈ మధ్య ఆ నవ్వడానికీ ఓపిక ఉండటం లేదు.

మోటారు వణకడం, బెల్టు సాగిపోవడం, ముల్లు పట్టుకునే చెయ్యి ఓ పక్కకి లాగడం, ఇలాంటివి ఎప్పుడూ ఉండేవే. ఈమధ్య వీటన్నిటికంటే ఎక్కువగా వస్తున్నది నిట్టూర్పు ఇరుక్కోవడం.

రికార్డు పెట్టే పళ్లెం ఉంటుంది కదా, దాని అడుగున ఒక ఉక్కు ఇరుసు ఉంటుంది. అది కంచు బుష్‌లో, అంటే ఓ చిన్న గొట్టంలో, దిగి తిరుగుతుంది. రెంటికీ మధ్య వెంట్రుక దూరే సందు కూడా ఉండదు. ఇరుసుని బుష్ మూతి మీద నిలబెట్టి వదిలేస్తే, లోపలున్న గాలి మెల్లగా తప్పుకుంటుంటే, దానంతట అదే నింపాదిగా కిందికి దిగాలి. అది దిగేదాకా బల్ల ముందున్న మనిషి ఊపిరి బిగబట్టాలి. పొరపాటున అప్పుడు నిట్టూర్చిందా, ఇక అంతే. నిట్టూర్పు లోపలికి పోయి ఇరుసు కింద కూరుకుపోతుంది. ఆ మిషన్ మీద ఎంత హుషారు పాట పెట్టినా, పాట అయిపోగానే ఎవరో ఉస్సురుమంటారు.

ఇరుక్కున్న నిట్టూర్పుతో ఇంకో చిక్కు కూడా ఉంది. అది అటు గాల్లోనూ కలవదు, ఇటు విడిచిన మనిషినీ వదలదు. విప్పినప్పుడు ఆ మనిషి దగ్గర్లో ఉంటే తిన్నగా వెళ్లి మళ్లీ ఆ గుండెల్లోనే కూర్చుంటుంది. మామూలుగా వచ్చే చిన్న నిట్టూర్పులైతే ఫ్యాను గాలికి కిటికీలోంచి కొట్టుకుపోతాయి, ఎవరికీ ఏ బాధా ఉండదు.

ఇదివరకు ఇలాంటివి ఎప్పుడో ఏడాదికోసారి వచ్చేవి. బుష్‌లు చేసిచ్చే పాతవాళ్లని మాన్పించి, చవగ్గా ఇచ్చేవాళ్ల దగ్గర కొనడం మొదలుపెట్టాక ప్రతి వారం వస్తున్నాయి. కొత్త బుష్ ఒకటి బిగువుగా ఉంటే ఇంకోటి వదులుగా ఉంటుంది. గంపెడు వెతికితే ఒకటి కుదురుతుంది. పొద్దస్తమానం పెట్టడం, తియ్యడం, తుడవడం, మళ్లీ పెట్టడం. మనిషి పుటక పుట్టాక నిట్టూర్చకుండా ఎలా ఉంటారు? పైవాళ్లు మాత్రం బుష్‌లని పల్లెత్తు మాట అనలేదు. నిట్టూర్పు ఎవరిదని తేలితే వాళ్లని ఉద్యోగంలోంచి తీసేస్తామని గోడకి కాగితం అంటించారు.

ఆ బుష్‌ల బల్ల మీద పనిచేసేవాళ్లలో వాపసమ్మ వదిన కూడా ఉంది.

వదినని చూసినవాళ్లెవరూ ఆవిడకి అలసట అనేది ఒకటుంటుందని అనుకోరు. పొద్దున్న అందరికంటే ముందు లేచి వంటా వార్పూ చూసి, ఇద్దరి డబ్బాలూ సర్ది, బస్సులో నిలబడి వచ్చి, రోజంతా ఆ బల్ల ముందు కూర్చుని, ఇంటికెళ్లి మళ్లీ పొయ్యి ముందు నిలబడేది. పంచదార డబ్బా ఖాళీ అయినా, పంపులో నీళ్లు ఆగిపోయినా నాలుక చివర 'ప్చ్' అని ఒక్క చప్పుడు చేసి, వెంటనే నవ్వేసేది. అన్న మంచివాడే. తాగడు, తిట్టడు. మాట్లాడడు కూడా. తన కొట్టు కట్టేసి వచ్చి కుర్చీలో కూర్చుంటే, తాగిన గ్లాసు తాగినచోటే, విప్పిన చొక్కా విప్పినచోటే. ఆ ఇంట్లో మాటలన్నీ వదినా ఆడపడుచుల మధ్యే నడిచేవి. అయినా వాపసమ్మకి ఎప్పుడూ ఒకటే ఆలోచన, ఎక్కడైనా ఓ చిన్న గది అద్దెకి తీసుకుని ఆ ఇంట్లోంచి బయటపడాలని.

ఆరోజు మేనేజర్ తనే ఓ పెట్టె మోసుకుంటూ వచ్చాడు. రాత్రుళ్లు నిద్ర లేనట్టు కళ్లు గుంటలు పడి ఉన్నాయి.

"ఇది అన్నిటిలాంటిది కాదమ్మా. దీన్ని కొన్నాయన ఇంట్లో ఎవరూ కుర్చీల్లోంచి లేవట్లేదట."

"నిద్రపోతున్నారా సార్?"

"నిద్ర కాదు. ఎందుకులే అనిపిస్తోందట అందరికీ. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ కూర్చున్నారట. కొడుకు చదువు మానేస్తానంటే ఆయన కూడా సరేలే అన్నాట్ట. పక్కింటివాళ్లొచ్చి మిషన్ ఆపితే గానీ మామూలు మనుషులు కాలేదు."

"అంత పెద్ద నిట్టూర్పు ఎవరిదండీ?"

"అదే తేల్చమంటున్నారు. భోజనాలయ్యాక బల్లవాళ్లందర్నీ ఇక్కడికి తీసుకొస్తాను. ఫ్యాను కట్టేసి విప్పుదాం. ఎవరిదైతే వాళ్లలోకే పోతుంది." ఆయన గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "నాకేమన్నా సరదానా అమ్మా. పైనుంచి చెప్పారు, చెయ్యాలి."

ఆయన వెళ్లాక వాపసమ్మ మిషన్ బల్ల మీద పెట్టి ఓ రికార్డు వేసింది. ఏదో పెళ్లి బాజా. అది అయిపోయింది, ముల్లు చివరి గీతల్లో తిరుగుతోంది. అప్పుడు వినిపించింది. ముందు నాలుక చివర 'ప్చ్' అని. అది వదిన చేసే చప్పుడే. ఇంట్లో అయితే ఆ చప్పుడు తర్వాత నవ్వు వస్తుంది. ఇక్కడ నవ్వు రాలేదు. ఆ నవ్వు కింద ఇన్నేళ్లూ దాచుకున్నదంతా వచ్చింది. పొడుగ్గా, ఎక్కడా ఆగకుండా, కిందికి కిందికి దిగిపోతూ వచ్చింది. వాపసమ్మకి కూడా ఇక లేవడం ఎందుకులే అనిపించింది. బలవంతాన చెయ్యి చాపి మిషన్ ఆపింది.

ఇదిగానీ వదిన మీదికి తిరిగి వెళ్తే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, మనిషే మిగలదు. ఇన్నాళ్లూ ఒకే కప్పు కింద ఉండి, ఒకే కంచంలో తిని, ఈ మాత్రం కనిపెట్టలేకపోయానా అని వాపసమ్మ తనని తానే తిట్టుకుంది.

భోజనాల గంట కొట్టారు. వదిన డబ్బాలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"రావే, ఆకలి దంచేస్తోంది. ఏంటా ముఖం? మిషన్లకి జబ్బులు చూసీ చూసీ నీకే ఏదో అంటుకున్నట్టుంది."

"నువ్వు కూర్చో వదినా, ఇదొక్కటి చూసి వచ్చేస్తా."

"చల్లారిపోతే నన్నడక్కు. ఉప్పు కూడా తక్కువయింది ఇవాళ, ముందే చెప్తున్నా."

"అన్నయ్య ఏమీ అన్లేదా?"

"అన్నాడు. 'ఉప్పు' అన్నాడు." వదిన నవ్వుకుంటూ వెళ్లి, గోడకి అవతల హాల్లో బల్ల ముందు కూర్చుంది.

వాపసమ్మ తలుపు దగ్గరగా వేసింది. ఫ్యాను ఆఖరి స్పీడు మీద పెట్టింది. పళ్లెం ఎత్తి పక్కన పెట్టి, ఇరుసు పట్టుకుని పైకి లాగింది. బిగుసుకుపోయి ఉంది. మోకాలు బల్లకి ఆనించి, పళ్లు బిగించి లాగితే, సీసా మూత ఊడినట్టు టప్పున వచ్చింది.

నిట్టూర్పు బయటికి వచ్చింది. కళ్లకి కనిపించలేదు గానీ, బల్ల మీది కాగితాలు ఎగరకుండా బల్లకే అణిగిపోయాయి. ఫ్యాను అంత చప్పుడు చేస్తున్నా అది కిటికీ వైపు కన్నెత్తి చూడలేదు. తడి దుప్పటి ఈడ్చినట్టు నేల మీదుగా తలుపు వైపు కదిలింది. తలుపుకి అవతల వదిన ఎవరితోనో మాట్లాడుతోంది, ఆ మాట వినిపిస్తోంది. నిట్టూర్పు తలుపు కింద సందు దగ్గరికి చేరుతోంది.

ఆలోచించడానికి టైము లేదు. వాపసమ్మ తలుపు ముందు నేల మీద బోర్లా పడి, నోరు తెరిచి, దాన్నంతా లోపలికి పీల్చేసుకుంది.

ఒకరి నిట్టూర్పు ఇంకొకరు పీల్చుకుంటే అందులో ఏముందో వాళ్లకి తెలుస్తుంది. కడిగిన గిన్నెలన్నీ తెలిశాయి. అన్న కుర్చీ పక్కన కూర్చుని ఏదో చెప్పబోయి మానేసిన సాయంత్రాలు తెలిశాయి. ఇదివరకు బుష్‌ల బల్ల మీద పనిచేసి వెళ్లిపోయిన స్నేహితురాలు వేరే ఊళ్లో పాత రికార్డు ప్లేయర్లు బాగుచేసే కొట్టు పెట్టింది. నువ్వొస్తే చెరి సగం అని పిలిచింది. వదిన సరేనని బ్యాగు సర్దుకుంది. జిప్పు కూడా వేసింది. మళ్లీ విప్పి బట్టలు బీరువాలో పెట్టేసింది. మర్నాడు బల్ల ముందు కూర్చుని, ఇరుసు దిగుతుండగా, పోనీలే ఎందుకులే అనుకుంది. ఆ అనుకున్నదే ఈ నిట్టూర్పు.

ఎందుకు ఆగిపోయిందో కూడా అందులోనే ఉంది. అన్న కోసం కాదు. నేను వెళ్లిపోతే ఆ ఇంట్లో ఈ పిల్ల ఎవరితో మాట్లాడుతుంది, అనుకుని ఆగింది. వాపసమ్మ నేల మీద పడుకునే నోరు నొక్కుకుని ఏడ్చింది.

తర్వాత లేచి, ఇరుసు మళ్లీ బుష్‌లో దించి, పళ్లెం బిగించి, ముఖం కడుక్కుని వెళ్లి భోజనానికి కూర్చుంది. వదిన అప్పటికే భుజాలు అటూ ఇటూ తిప్పుకుంటూ ఉంది.

"ఏంటోనే, ఎవరో వీపు మీంచి బస్తా దించినట్టుంది నాకు. నీకేమయింది, తినవేం?"

"తింటున్నాగా," అంది వాపసమ్మ. నోట్లో పెట్టుకున్నది నమలడం కూడా పెద్ద పనిలా ఉంది.

భోజనాలయ్యాక బల్లవాళ్లందరూ వాపసు గదిలో గోడకి ఆనుకుని నిలబడ్డారు. అది తనదేనేమోనని అందరికీ భయమే. ఒకావిడ పైకప్పు చూస్తోంది, ఒకాయన గోళ్లు చూసుకుంటున్నాడు. మేనేజర్ ఫ్యాను కట్టేసి ఇరుసు లాగాడు. సులువుగా వచ్చేసింది. ఎవరి భుజాలూ కుంగలేదు. ఆయన బుష్‌లోకి తొంగిచూశాడు, అందరి ముఖాలూ చూశాడు, ఆఖరికి వాపసమ్మని చూశాడు.

"లోపల గీతలు పడ్డాయి సార్," అంది ఆవిడ. "బుష్ మంచిది కాదు. అందుకే ఆ చప్పుడు."

బుష్ మంచిది కాదన్నది నిజమే. మేనేజర్‌కి ఎంత అర్థమయిందో గానీ, ఇరుసు బల్ల మీద పెట్టేశాడు. "సరే, భాగం లోపం అని రాసెయ్యి. అందరూ పనికి పదండి," అన్నాడు. ఆ అనడంలో ఆయనకీ పెద్ద గండం గడిచినట్టే ఉంది.

సాయంత్రం ఇంటికి రాగానే వదిన పొయ్యి దగ్గరికి వెళ్లలేదు. బీరువా తెరిచింది. బ్యాగు మంచం మీద పెట్టి, బట్టలు మడతపెట్టి సర్దింది. ఎవరితోనూ పోట్లాడలేదు. కుర్చీలో ఉన్న మొగుడి ముందుకి వెళ్లి, ఎక్కడికి వెళ్తోందో, ఏం పని చేస్తుందో, మళ్లీ రానన్న సంగతీ నెమ్మదిగా చెప్పింది. ఆయన విని తల ఊపాడు. బజార్నుంచి ఏదో తెమ్మన్నా అలాగే ఊపుతాడు.

వాపసమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. వదిన బ్యాగు పట్టుకుని ఆవిడ దగ్గరికి వచ్చింది.

"ఇన్నాళ్లూ ఎందుకు ఆగానో నాకే తెలీట్లేదే. ఇవాళ చూస్తే ఇందులో కష్టమేముంది అనిపించింది. నువ్వూ రా. ఆ కొట్లో ఇద్దరం పనికొస్తాం. ఇల్లు వెతుక్కుందాం."

నిన్నయితే ఆ మాట పూర్తికాకముందే వాపసమ్మ చెప్పులు వేసుకునేది. ఇవాళ బయటపడాలన్న ఆ ఆశ కోసం లోపలంతా వెతుక్కుంది. ఎక్కడా దొరకలేదు. ఉన్నచోటంతా ఆ నిట్టూర్పే పరుచుకుని ఉంది. తనది కాని నిట్టూర్పు విడిచిపెట్టడం ఎవరికీ రాదు, ఆవిడకీ రాలేదు. కొంచెం గొంతు దాకా వచ్చింది. అది వదిన చెవిన పడితే బ్యాగు మళ్లీ మంచం మీదికి వెళ్తుందని తెలుసు. అందుకని నవ్వేసింది.

"నేనొచ్చి నీ నెత్తిన కూర్చోవడం దేనికి వదినా. నాకిక్కడ బాగానే ఉంది. పద, బస్సు వెళ్లిపోతుంది."

బ్యాగు తనే మోసుకెళ్లింది. బస్సు కిటికీలోంచి వదిన చెయ్యి ఊపింది. ముఖం కళకళలాడుతోంది, పదేళ్లు చిన్నదయినట్టుంది. ఆ ముఖం చూస్తే వాపసమ్మకి నిజంగానే సంతోషం వేసింది. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, కాళ్లీడ్చుకుంటూ ఇంటికి వచ్చి, వీధి గుమ్మంలో కూర్చుంది.

కాసేపటికి లోపల్నుంచి అన్న అడిగాడు. "వంట అయిందా?"

"ఇదిగో, వస్తున్నా," అంటూ వాపసమ్మ లేచింది.