నూట పన్నెండు సెంటీమీటర్ల బీట

పొద్దున్నే మామగారికి టీ ఇచ్చి, ఆయన కుర్చీని కిటికీ వైపు తిప్పాకే టైలరమ్మ మిషను ముందు కూర్చునేది. వాళ్ళుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మోకాళ్ళు మొరాయించి ఆయన మెట్లు దిగి పద్నాలుగు నెలలైంది. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమో కిటికీలోంచి చూసి చెబుతుండేవాడు. ఆవిడ కాలర్లు కుడుతూ ఊఁ కొట్టేది గానీ, లోపల ప్రాణం ఉసూరుమనేది.

అందుకే నేల మీద ఇల్లు కావాలని కాళ్ళరిగేలా తిరిగింది. చివరికి దొరికింది. అరవై ఏళ్ళ పాతిల్లు, నాలుగు గదులు, చుట్టూ ప్రహరీ, గేటు దాటితే వీధి. అమ్మే పెద్దావిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. శనివారం సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చమంది. ఆ తర్వాత ఇంకొకళ్ళు కాచుకుని కూర్చున్నారు.

ఇల్లు గట్టిదో కాదో చూడమని పంపిన ఇంజినీరు రిపోర్టు శుక్రవారం వచ్చింది, నలభై రెండు పేజీలు. స్కూలు బస్సు నడిపే మొగుడు మొదటి పేజీకే డీలాపడిపోయాడు.

“పదకొండు చోట్ల పగుళ్ళట. పునాది కుంగుతూ ఉండొచ్చట. కొనమని చెప్పలేమని ఎర్రక్షరాల్లో రాశాడు. వదిలేద్దామే. నాన్నని తీసుకెళ్ళి ఆ గోడల మధ్య ఎలా పెడతాం?”

“మొత్తం చదివారా?”

“ఇది చాల్లే.”

“మొదటి బొత్తాం పెట్టుకుని చొక్కా బాలేదనే రకం మీరు. ఇలా ఇవ్వండి.”

ఆవిడ సుద్దముక్క తీసుకుని, సరిచేయడానికొచ్చిన బట్టల్ని చూసినట్టే ఒక్కో పేజీ చూసింది. స్నానాలగది గోడకి చెమ్మ: మాసికేస్తే సరి. కరెంటు వైర్లు మరీ పాతవి: లైనింగు మార్చినట్టు మొత్తం మార్చాల్సిందే, ఖర్చు తప్పదు. రెండు కిటికీలు బిగుసుకుపోయాయి: కాస్త వదులు చేయించుకోవాలి. పైకప్పు గట్టిగా ఉందన్న మాట ముప్పై ఒకటో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. భయపెట్టేవి మాత్రం మొదటి పేజీలో ఎర్రగా! ఆవిడకి ఆ ఇంజినీరు మీద ఒళ్ళు మండింది.

ఇక పగుళ్ళు మిగిలాయి. బట్టే చివికిపోతే ఏ టైలరూ ఏమీ చేయలేదని ఆవిడకి తెలుసు. గుండె చిక్కబట్టుకుని ఆ పేజీలు తిప్పింది. ముందుగది పగులు, పొడవు నూట పన్నెండు సెంటీమీటర్లు. పడగ్గది, నూట పన్నెండు. వంటిల్లు, నూట పన్నెండు. చివరికి ప్రహరీ గోడ మీదా నూట పన్నెండే. ప్రతి ఫొటోలోనూ దాని కొస రెండుగా చీలి ఎడమ పక్కకి వంగి ఉంది.

“ఏవండీ, పదకొండు మందికి ఒకే నడుము కొలత వస్తుందా?”

“ఎలా వస్తుంది?”

“మరి పదకొండు పగుళ్ళకి ఎలా వచ్చింది?”

వెంటనే ఇంజినీరుకి ఫోను చేసింది. “సార్, ఇంతకుముందు పాతిళ్ళు చూశారా మీరు?”

“అన్నీ కొత్త అపార్ట్‌మెంట్లే మేడం. పాతిల్లు ఇదే మొదటిది. ఏం?”

“అదీ సంగతి. రేపు మధ్యాహ్నం ఒకసారి రండి.”

కొత్త కట్టడాల్లో బీటలు పడినచోటే పడి ఉంటాయి. పాతిళ్ళలో బీటలు మనిషి వెంట తిరుగుతాయి. ఆ సంగతి ఇంజినీరుకి చదువులో ఎవరూ చెప్పలేదు కాబోలు.

శనివారం పెద్దావిడ తలుపు తీసింది. టైలరమ్మ మొగుణ్ణి ముందుగదిలో నిలబెట్టి, తను వంటింట్లోకి వెళ్ళి, ఇంజినీరుని పడగ్గదిలోకి పంపింది.

“మీ దగ్గర ఉందా?” అని కేకేసింది.

“లేదే,” అన్నాడు మొగుడు.

“ఇక్కడుంది మేడం,” అన్నాడు ఇంజినీరు.

“ఇప్పుడు మీరు వంటింట్లోకి రండి సార్.”

ఆయన గడప దాటేసరికి బీట కూడా తలుపు చట్రం చుట్టూ పాకి వంటింటి గోడ మీదికి వచ్చేసింది. పడగ్గది గోడ నున్నగా ఉంది.

“కొత్తవాళ్ళొస్తే దానికి సరదా,” అంది పెద్దావిడ. “మొన్న మీరు టార్చి పట్టుకుని తిరుగుతుంటే వెంటే ఉంది. అన్నిసార్లూ రాసుకుంటున్నారని నాకేం తెలుసు నాయనా? నేను కాపురానికొచ్చినప్పుడు ఎంతుందో ఇప్పుడూ అంతే.”

ఇంజినీరు చెవులు ఎర్రబడ్డాయి. గోడలు తట్టి చూశాడు, నీటిమట్టం గొట్టంతో నేల కొలిచాడు, మోకాళ్ళ మీద కూర్చుని పునాది అంచంతా చూశాడు. “పై పూతలోది మేడం. పునాది రాయిలా ఉంది,” అని, పదకొండు కొట్టేసి ఒకటి అని రాసి సంతకం పెట్టాడు. ఎర్రక్షరాలు కూడా ఆయనే కొట్టేశాడు. బస్సు డ్రైవరు అక్కడే గట్టు మీద కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. టైలరమ్మకి నెత్తిమీది బరువంతా దిగిపోయినట్టయింది.

నెల తిరక్కుండా ఇల్లు మారారు. మామగారిని కుర్చీతో సహా ఇద్దరు మనుషులు కిందికి దింపారు. ఆయన్ని ముందుగది కిటికీ దగ్గరే కూర్చోబెట్టారు. బీట మాత్రం రోజంతా కోడలి వెంటే. వంటింటికీ మిషనుకీ మధ్య ఆవిడ ఎన్నిసార్లు తిరిగితే అదీ అన్నిసార్లు తిరిగేది. కూర్చున్నవాళ్ళ దగ్గర దానికి తోచదు.

“నా దగ్గరికి రాదేంటమ్మాయ్ అది?” అన్నాడాయన వారం రోజులు చూసి.

“నడిచేవాళ్ళ వెంటే వస్తుంది మామయ్యగారూ.”

ఆయన మూతి ముడుచుకున్నాడు. మర్నాడు గోడ పట్టుకుని లేచి నాలుగడుగులు వేశాడు. బీట ఆయన చెయ్యి పక్కనే నాలుగడుగులు వచ్చింది. ఆ పై వారం పడగ్గది దాకా. ఆ తర్వాత వంటిల్లు. మోకాళ్ళని తిట్టుకుంటూనే, ఆగి ఆగి, దానితో ఏవో కబుర్లు చెబుతూ తిరిగేవాడు.

ఒక ఉదయం టైలరమ్మ తలెత్తి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. కంగారుగా బయటికి పరిగెత్తింది. ఆయన ప్రహరీ గోడ పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతి పక్కన గోడ మీద బీట ఉంది. ఎదుట వీధి ఉంది.

“అమ్మాయ్, నా చెప్పులేవీ?”

చెప్పులు లేవు. ఇక అవసరం ఉండదనుకుని ఇల్లు మారేటప్పుడు ఆవిడే పారేసింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చి, వంగి తన కాళ్ళకున్నవి విప్పి ఆయన ముందు పెట్టింది.