టైరు చెప్పులు

ఏడో నంబరు మిషను మీద అరచెయ్యి ఆనించి ఏసోబు కళ్ళు మూసుకున్నాడు. రోలరు అదురు మణికట్టు దాటి మోచేతి దాకా వస్తోంది. ఎడమ చివర చిన్న వెలితి. అక్కడ తోలు అరిగి గాడి పూడుకుపోయింది. పత్తిని పట్టి లాగాల్సింది జారవిడుస్తోంది. పక్కనే నిలబడ్డ సూపర్‌వైజరు నాగేంద్రబాబుకి ఆ తేడా తెలియలేదు.

"ఏడు ఆపించు. గాడి కొయ్యాలి," అన్నాడు ఏసోబు.

"శనివారం బాగానే ఉంది కదా బాబాయ్?"

"శనివారం నేనూ బాగానే ఉన్నా."

నాగేంద్రబాబు నవ్వాడు. ఏసోబు నవ్వలేదు. చిలకలూరిపేట హైవే పక్కన ఈ మిల్లులో ముప్ఫై ఎనిమిదేళ్ళుగా సోమవారాలు అలాగే ఉన్నాయి. ఆదివారం సెలవు. చర్చికి వెళ్ళి, కూర అన్నం తిని పడుకుంటే సాయంత్రానికి ఛాతీ తేలికవుతుంది. సోమవారం పొద్దున మళ్ళీ దూదిలో అడుగు పెట్టగానే పక్కటెముకల చుట్టూ తువ్వాలు చుట్టి ఎవరో మెలిపెట్టినట్టు బిగుస్తుంది. మునుపు మంగళవారానికి సర్దుకునేది. ఈ ఏడాది గురువారం దాకా ఉంటోంది.

మిషను ఆగింది. ఏసోబు రోలరు ఊడదీసి బల్ల మీద పెట్టుకున్నాడు. బొంగరంలా నున్నగా ఉన్న తోలు మీద రంపంతో వంకర గాడి కోయడం మొదలుపెట్టాడు. కోసినప్పుడల్లా నీలిరంగు పొడి రాలుతోంది. నాలుగు గాళ్ళకొకసారి ఆగి, బల్ల అంచు పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. నేల మీద వేలెడు మందాన దూది నుసి పరుచుకుని ఉంది. ఆ నుసి మీద అడుగుల జాడలు. అతను వాటిని చూశాడు. చూడకుండా ఉండలేడు.

"ఆంజనేయులూ, పొద్దున గేటు దగ్గర కునుకు తీసి వచ్చావే," అన్నాడు తలెత్తకుండా.

పత్తి మోసే వీరాంజనేయులు ఉలిక్కిపడ్డాడు. "నీకెవడు చెప్పాడు మావా?"

"నీ ఎడమ మడమ చెప్పింది. నిద్ర లేచి వచ్చినప్పుడే అట్టా ఈడుస్తావు."

"ఇంకేం! ఆఫ్రికాలో సింహాలు నీ జాడ విద్య చూసి దండం పెట్టి దారిస్తాయి," అన్నాడు వీరాంజనేయులు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "ఏం దొరా, విమానం ఎప్పుడు?"

ఏసోబు మళ్ళీ రంపం అందుకున్నాడు. ఇవాళ తెలుస్తుంది.

ఈ మిల్లు వెనకటి ఫిట్టరు అష్రఫ్ నాలుగేళ్ళుగా టాంజానియాలో, పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగు మిల్లులో ఉన్నాడు. అక్కడా పత్తే, ఇవే మిషన్లు. రోలరు గాడి కోసే మనిషి కావాలని యజమాని అడిగితే అష్రఫ్ ఏసోబు పేరు చెప్పాడు. రెండేళ్ళ ఒప్పందం. పాస్‌పోర్టు వచ్చేసింది. ఇక కావలసింది ఆరోగ్యం బాగుందన్న డాక్టరు సంతకం ఒక్కటే. శనివారం గుంటూరు బ్రాడీపేటలో ఎక్స్‌రే తీశారు. సోమవారం మధ్యాహ్నం రమ్మన్నారు.

భార్య జయకుమారికి జీతం ఎక్కువని చెప్పాడు. అది అబద్ధం కాదు. కానీ ఆ మిల్లుకి ఒక పగటి ప్రయాణ దూరంలో వేట క్యాంపు ఉంది. బయటి దేశాల వాళ్ళు అనుమతులు తీసుకుని అడవిదున్నల వేటకి వస్తారు. సెలవుల్లో అక్కడికి తీసుకెళ్తానని అష్రఫ్ మాట ఇచ్చాడు. ఆ క్యాంపు వీడియో ఒకటి పంపాడు కూడా. తుపాకులు పట్టుకున్నవాళ్ళు నలుగురు, వాళ్ళ ముందు ఒక నల్లటి బక్క మనిషి. చేతిలో పుల్ల. వంగి నేల చూస్తూ నడుస్తాడు, ఆగుతాడు, పుల్లతో ఒక ఆకుని తిరగేస్తాడు. అతని కాళ్ళకి బూట్లు లేవు. టైరు చెప్పులు.

ఆ వీడియో ఏసోబు ఎన్నిసార్లు చూశాడో. దున్న పడిపోయే చోటికి రాకముందే ఆపేసేవాడు. అతనికి కావలసింది ముందు నడిచే ఆ మనిషి. దర్శి దగ్గర మెట్టచేలల్లో వాళ్ళ నాన్న సరిగ్గా అలాగే నడిచేవాడు.

ఆ రోజుల్లో పంట కోతలు అయ్యాక కుక్కలతో, వలలతో చెవులపిల్లుల వేటకి పోయేవాళ్ళు. చేలోకి దిగేముందు చప్పుడు కాకుండా చెప్పులు గట్టు మీద విడిచేవాళ్ళు. ఎటు వెళ్తున్నారో అటు ముక్కులు తిప్పి పెట్టాలి. వెనక వచ్చేవాళ్ళు ఆ చెప్పులు చూసి, మనుషులున్న వైపు కర్ర విసరరు. పదిహేనేళ్ళప్పుడు ఒకసారి ఏసోబు తన చెప్పులు కొండ వైపు పెట్టాడు. నాలుగు అడుగులు వేశాక వాగు వైపు కొత్త జాడ కనపడింది. అటు మళ్ళాడు. చెప్పులు మార్చలేదు. వాళ్ళ కర్రి కుక్క అతని వెంటే వచ్చింది. వెనక వచ్చినవాళ్ళు వాగు పక్క తుప్ప కదలడం చూసి కర్ర విసిరారు. అది కుక్క తలకి తగిలింది.

నాన్న చచ్చిన కుక్కని భుజాన వేసుకుని ఊళ్ళోకి వచ్చాడు. "ఎవరి జాడైనా చూస్తావు. నీ చెప్పులు ఎటున్నయ్యో చూసుకోవు," అన్నాడు. అంతే. మళ్ళీ వేటకి పిలవలేదు. మరుసటి ఏడాది ఏసోబు మిల్లులో చేరాడు. తర్వాత నాన్న పోయాడు, మెట్టలన్నీ మిరప, పత్తి అయ్యాయి. ఇప్పుడు చెవులపిల్లిని పట్టినా కేసే.

మూడు నెలల కిందట ఏసోబు బస్టాండు దగ్గర యలమందయ్య చేత టైరు చెప్పులు కుట్టించుకున్నాడు. కొత్త పట్టీ కాలి బొటనవేలి పక్కన ఒరిసి పుండు చేసింది. అయినా రోజూ అవే వేసుకుంటున్నాడు. అక్కడికి వెళ్ళే నాటికి కాలికి మాలిమి కావాలి.

మధ్యాహ్నం సగం గాళ్ళు కోసిన రోలరుని గోనెపట్టా కింద పెట్టి గుంటూరు బస్సెక్కాడు.

డాక్టరమ్మ ఎక్స్‌రేని దీపం పెట్టె మీద పెట్టింది. ఏసోబు తన ఛాతీని చూసుకున్నాడు. తెల్లటి మచ్చలు, గీతలు. పైన పాతవి, కింద కొత్తవి. అతనికి అర్థమైంది. అయినా ఆమె చెప్పేదాకా ఆగాడు.

"ఎన్నేళ్ళయింది మిల్లులో?"

"ముప్ఫై ఎనిమిదండి."

"ముక్కుకి గుడ్డ కట్టుకోరా?"

"కట్టుకుంటే వాసన తెలీదండి. రోలరు వేడెక్కితే ముందు తోలు కమురు వాసన వస్తది. అది పట్టుకోకపోతే దూది అంటుకుంటది."

ఆమె దీపం పెట్టె ఆపేసింది. "నేను ఫిట్ అని రాయలేనండీ. ఈ ఊపిరితిత్తులతో మళ్ళీ దూదిలోకే పంపిస్తున్నట్టు అవుతుంది. అసలు ఇక్కడా మానెయ్యాలి. దీని భారం గుండె మీద కూడా పడింది. రేపే పెద్దాసుపత్రిలో చూపించుకోండి."

"అక్కడ పని చెయ్యకపోయినా ఫర్లేదండి. ఒక్కసారి వెళ్ళొస్తే చాలు."

"పని లేకుండా ఎందుకు వెళ్ళడం?"

ఏసోబు నేల చూశాడు. గచ్చు శుభ్రంగా తుడిచి ఉంది. ఎవరి జాడా లేదు.

"ఊరికే... కాసేపు నడవడానికండి," అన్నాడు.

వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. రోడ్డుకి అటూ ఇటూ కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఘాటుకి బస్సంతా దగ్గింది. అతని దగ్గు మాత్రం ఆగలేదు. పక్కనున్న ముసలమ్మ నీళ్ళ సీసా ఇచ్చింది. జయకుమారి ఫోను చేసింది. ఆమె మిర్చి ముచ్చికలు తీసే పనిలో ఉంది. వెనక ఆడవాళ్ళ మాటలు వినపడుతున్నాయి.

"ఏమన్నారయ్యా?"

"ఇంటికొచ్చాక చెప్తా."

"అంటే కాదన్నారా?"

"ఇంటికొస్తన్నాగా జయా."

"పోనీలే. ఆ సింహాలు నీ దగ్గుకే పారిపోతయ్. వాటికెందుకు ఇబ్బంది," అంది. "రాత్రికి చేపలు తెస్తా."

అయిదు గంటలకి మిల్లు దగ్గర దిగాడు. "రేపు రావచ్చుగా బాబాయ్, మొహం ఏంటి అట్టా ఉంది?" అన్నాడు నాగేంద్రబాబు. ఏసోబు గోనెపట్టా తీసి మిగిలిన గాళ్ళు కోశాడు. తొందరపడలేదు. రోలరు ఎక్కించి, కత్తి దగ్గరకి జరిపి, మధ్యలో సందు ఎంతుందో పాత పోస్టుకార్డు ముక్క పెట్టి చూసుకున్నాడు. మిషను తిప్పించి చెయ్యి ఆనించాడు. వెలితి లేదు.

ఫోనులో అష్రఫ్ పంపిన వాయిస్ మెసేజి ఉంది. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఏసోబన్నా! ఇవాళ క్యాంపు డ్రైవరు కలిశాడు. మా ఊరి నుంచి జాడ పట్టేవాడు వస్తున్నాడని చెప్పా. తీసుకురా, ముందు నడిచే మా ముసలాయన పక్కన నడుస్తాడులే అన్నాడు. రిపోర్టు ఏమైంది? ఏం మాట్లాడవేం?"

రెండోసారి విన్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

దూది గది గుమ్మం దగ్గర శివపార్వతి ఊడుస్తోంది. "ఏడో మిషను దూది ఎట్టా వస్తందో చూసొస్తా," అన్నాడు ఆమెతో. గింజ పగులుతోందేమో చేత్తో నలిపి చూడడం అతని అలవాటు. దూదికి మట్టి అంటకూడదు గనుక ఆ గదిలోకి ఎవరైనా చెప్పులు విడిచే వెళ్ళాలి. ఏసోబు చెప్పులు విడిచాడు. పొద్దు వాలుతోంది. గింజల గోడౌను మీది నీళ్ళ ట్యాంకు వెనక ఆకాశం కమిలినట్టు ఉంది. అష్రఫ్ సెలవుకి వచ్చినప్పుడు టాంజానియా ఎటని అడిగితే, ఫోనులో దిక్సూచి పెట్టి చూపించింది సరిగ్గా ఆ ట్యాంకు వైపే, నైరుతి మూలకి. అతను వంగి, ఒక్క క్షణం ఆగి, లేచి లోపలికి వెళ్ళాడు.

షిఫ్టు మారే గంట కొట్టినా బయటికి రాలేదు. శివపార్వతి తొంగి చూసింది. దూది కుప్పకి ఆనుకుని, కాళ్ళు చాపి కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో పిడికెడు దూది. నిద్రపోతున్నాడనుకుని రెండుసార్లు పిలిచింది. మూడోసారి కేక వేసింది.

జయకుమారి ఆటోలో వచ్చేసరికి అతన్ని బయటికి తెచ్చి గోనెపట్టాల మీద పడుకోబెట్టారు. తల వెంట్రుకల్లో, కనుబొమల్లో తెల్లటి నుసి. ఆమె కొంగుతో తుడిచింది. ఆమె చేతుల మిర్చి ఘాటుకి అతని కళ్ళు మండుతాయేమోనని ఠక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. అప్పుడు ఏడ్చింది.

అంబులెన్సు వచ్చింది. వీరాంజనేయులు ప్లాస్టిక్ సంచి పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్పుల కోసం వంగాడు.

"తియ్యమాక," అంది జయకుమారి.

పెళ్ళయిన కొత్తలో ఊడుస్తూ అతని చెప్పులు పక్కకి తిప్పినందుకు ఒకసారి అరిచాడు. ఆ ఒక్కసారే. తర్వాత కుక్క సంగతి చెప్పాడు. అప్పటి నుంచి ఆమె వాటి జోలికి పోలేదు. మిల్లుకి అన్నం తెచ్చినప్పుడల్లా ఈ గుమ్మం ముందు అతని చెప్పులు చూసేది. ఎప్పుడూ ముక్కులు తలుపు వైపే ఉండేవి.

గది లోపల నుసి మీద అతని పాదాల జాడలు లోపలికి వెళ్ళినవే ఉన్నాయి. గుమ్మం బయట టైరు చెప్పులు, ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా, కుడి పట్టీ మీద ఎండిన నెత్తురు మరకతో, తలుపుకి పెడమొహంగా, నీళ్ళ ట్యాంకు వైపు తిరిగి ఉన్నాయి.