మూడు ఆదివారాల ప్రకటన

నాకు కోపం ఎక్కువ. "ఎస్తేరమ్మ నోట్ల పడకుండ్రి" అని ఊరంతా అంటారు. అననీ! ఆ కోపమే లేకపోతే మా ధనలక్ష్మి తన చెల్లెలి పెళ్ళి చూసేదే కాదు.

ధనలక్ష్మి నా చెల్లెలి పెద్ద కూతురు. మొగుడు డేవిడ్‌తో రాయచూరుకు కూలికి పోయి, దెబ్బలు తిని తిని, చివరికి అక్కడి కోర్టుకెక్కింది. ఆమె ఉన్న చోటికి వాడు రాకూడదని జడ్జి ఉత్తరువు ఇచ్చాడు. ఆ కాగితం పట్టుకుని రాష్ట్రం సరిహద్దు దాటి, గద్వాల పక్కనున్న మా ఊరికి వచ్చేసింది. రెండు వేల ఎనిమిది, ఎండాకాలం. వచ్చిన దగ్గర్నుంచి పట్టపగలు కూడా తలుపు గడియ తీసేది కాదు.

అంతలో ఆమె చెల్లెలు అమూల్యకు పెళ్ళి కుదిరింది. డేవిడ్ కబురు పంపాడు: "పెండ్లికి వస్త. అందరి ముంగట గుంజుకపోత. రాయచూరు కాయితం రాష్ట్రం దాటినంక నడువదు."

"నేను ఇంట్లనే ఉంట పెద్దమ్మా, పెండ్లి ఖరాబు కావొద్దు" అంది ధనలక్ష్మి.

"అక్క రాకుంటే నేను చర్చి మెట్టెక్క" అని అమూల్య మొండికేసింది.

కాగితం తీసుకుని ఠాణాకు పోయాను. హెడ్డు కానిస్టేబులు కురుమూర్తి దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "కన్నడంల ఉంది. కర్ణాటక కోర్టుది. గద్వాల కోర్టుల ఇంకోటి తెచ్చుకోపో."

"వాడు ఏ రాష్ట్రమని అడిగి కొట్టిండా సారూ?" అన్నాను. బెంచీ మీదవాళ్ళు నవ్వారు. హెడ్డు నవ్వలేదు.

అదే కోపంతో గద్వాల బస్సెక్కి లాయరు ఉమ దగ్గరికి పోయాను.

"జర కూసో పెద్దమ్మా" అందామె. "ఈ గృహహింస చట్టం దేశమంతటికీ ఒక్కటే. ఏ ఊరి మేజిస్ట్రేటు ఇచ్చినా అంతట నడుస్తది. వాడొస్తే నేరమే, పోలీసులు పట్టుకపోవచ్చు."

ఉత్తరువును తెలుగులో రాయించింది. కింద చట్టం ప్రకారం అది భారతదేశమంతటా చెల్లునన్న మాట కూడా చేర్చి, ఠాణాలో ఒక నకలిచ్చి ముద్ర వేయించుకొచ్చింది. నాకొకటి ఇచ్చి, "తెలవాల్సినోళ్ళకు తెలియజెయ్" అంది.

ఆమె అన్నది ఇరుగుపొరుగు గురించట. నాకేం తెలుసు? మా చర్చిలో మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదివి, ఎవరికైనా అభ్యంతరముందా అని అడిగితేగానీ పెళ్ళి చెల్లదు. కోర్టు మాటైనా అంతే కదా అనుకున్నాను. ధనలక్ష్మిని అడిగితే, "చదివించు పెద్దమ్మా, సిగ్గు నాది కాదు గదా" అంది.

"గిట్లాంటివి ఈడ చదువరు ఎస్తేరమ్మా" అని గొణిగారు పాస్టరు అయ్యగారు. నా మొహం చూసి చదివారు. ముందు అమూల్య ప్రకటన, వెంటనే డేవిడ్ ఉత్తరువు. అలవాటు కొద్దీ రెంటికీ కలిపి, "ఎవరికైనా అభ్యంతరమున్నదా?" అని అడిగారు.

"లేదు!" అని ముసలమ్మలంతా ఒక్క గొంతుతో అరిచారు. మూడో ఆదివారానికి పిల్లలకు కూడా కంఠతా వచ్చేసింది.

పెళ్ళిరోజు ధనలక్ష్మి నా కొంగు పట్టుకుని చర్చిదాకా వచ్చింది. అంతలోనే డేవిడ్ బస్సు దిగాడు, సచ్చినోడు! నేను ఠాణాకు ఫోను కొట్టించాను. ముసలమ్మలు గేటుకు అడ్డం నిలబడ్డారు.

"డేవిడ్ అను వ్యక్తి..." ఒకామె ఎత్తుకుంది.

"ధనలక్ష్మి ఉన్న చోటికి రాకూడదు!" అందరూ అందుకున్నారు.

"భారతదేశమంతటా చెల్లును!" పిల్లలు గోడెక్కి అరిచారు.

వాడు ముసలమ్మలను నెట్టుకుని రాబోయాడు. ఎటు కదిలితే అటు వాళ్ళూ కదిలారు. పోలీసు జీపు వచ్చేదాకా పాఠం ఆపలేదు.

"రాయచూరు కాయితం ఈడ నడువదు సారూ" అన్నాడు వాడు.

"నడుస్తది. సదివిన" అన్నాడు కురుమూర్తి, వాడి రెక్క పట్టుకుని. "ఎక్కు." నా వైపు తిరిగి, "నీ నోటికో దండం ఎస్తేరమ్మా" అన్నాడు.

జీపు మలుపు తిరిగాక ధనలక్ష్మి నా కొంగు వదిలింది. చర్చిలో ముందు వరుసలో కూర్చుని, అందరికంటే గట్టిగా పాట పాడింది. "అభ్యంతరమున్నదా" అని అయ్యగారు అడగగానే చర్చంతా గేటు వైపు చూసి నవ్వింది. పెళ్ళికూతురూ నవ్వింది.

భోజనాలయ్యాక ఇంటికొచ్చి చూస్తే ధనలక్ష్మి వాకిట్లో చాప మీద పడుకుని గురకపెడుతోంది. పక్కనే మైకు మోగుతోంది, పిల్లలు ఆమెను దాటుకుంటూ ఉరుకుతున్నారు. ఇంటి తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. వాటిని మూయడానికి నాకు చేతులు రాలేదు.