రెండు తాళాల పెట్టె

2003 అక్టోబరు 14, మంగళవారం. ఉదయం పదకొండు గంటలకు ఎర్రబండపల్లి బడి వరండాలో ఫిర్యాదుల పెట్టెను మొదటిసారి తెరిచారు. లోపల ఒక ముడుపు ఉంది. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డముక్క, అందులో ఒక రూపాయి నాణెం, నాలుగు మడతలు పెట్టిన కాగితం. కాగితం మీద పేరు లేదు.

పెట్టెకు రెండు తాళాలు. ఒక తాళంచెవి ఊళ్లో కరువు సాయం పంచే స్వచ్ఛంద సంస్థ దగ్గర, రెండోది ఊరి కమిటీ అధ్యక్షుడి దగ్గర ఉండాలి. ఒకరు లేకుండా మరొకరు తెరవకూడదని సంస్థ ఆ నియమం పెట్టింది. ఆ రోజు సంస్థ తరఫున కల్యాణదుర్గం ఆఫీసు నుంచి విజయభాస్కర్ వచ్చాడు. కమిటీ అధ్యక్షుడు ఓబుళేసు. కాగితంలో ఉన్న ఫిర్యాదు ఓబుళేసు మీదే.

ఎర్రబండపల్లి కంబదూరుకు తొమ్మిది కిలోమీటర్లు. అక్కడ వరసగా రెండేళ్లు వేరుశనగ పోయింది. నడవగలిగిన వాళ్లు బెంగళూరు పోయారు. జూలైలో సంస్థ వచ్చింది. పనికి పోయే మనిషి లేని ఇళ్లకు పది నెలలపాటు నెలకు ఐదు వందలు ఇస్తామని చెప్పింది. ఇళ్లను ఊరి కమిటీ ఎంపిక చేసింది. ముప్పై ఒక్క పేర్లు. ఆరో పేరు నల్లప్పది.

నల్లప్ప తాడిపత్రిలో బండలకు పాలిష్ పట్టే పనిలో పందొమ్మిదేళ్లు ఉన్నాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరింది. నయం కాదని అనంతపురం పెద్దాసుపత్రిలో చెప్పారు. పీల్చే మందు రాశారు. మందు ఉన్న రోజు అరుగు మీద కూర్చోగలడు. లేని రోజు మంచం మీద బోర్లా ఒరిగి ఉండాలి, ఎవరో ఒకరు వీపు రాస్తూ ఉండాలి. ఆ ఎవరో ఒకరు భార్య తిప్పమ్మ. ఆమె వయసు యాభై ఎనిమిది. పిల్లలు లేరు. "భార్య రోగిని చూసుకోవాలి, పనికి పోలేదు" అని కమిటీ పుస్తకంలో వాళ్ల పేరు ఎదురుగా రాశారు.

డబ్బు నెల మొదటి శనివారం బడి వరండాలో పంచేవారు. సంస్థ మనిషి వేలిముద్ర వేయించుకుని ఐదు వందలు చేతికిచ్చేవాడు. బడి గేటు దగ్గర ఓబుళేసు కుర్చీ వేసుకుని ఒక్కొక్కరి దగ్గర వంద తీసుకునేవాడు. సార్లకు భోజనాలు, జీపుకు డీజిలు అని చెప్పేవాడు. సంస్థ మనుషులు ఊళ్లో భోజనం చేయలేదు. జీపు సంస్థది.

ఆ వంద పోయాక మిగిలిన దానిలో తిప్పమ్మ ముందు బియ్యం కొనేది. మందు ఇరవై నాలుగు రోజులకే వచ్చేది. తర్వాతి ఆరు రోజులు ఆమె వీపు రాస్తూ కూర్చునేది.

సెప్టెంబరు 9న విజయభాస్కర్ మోటారు సైకిలు వెనక పెట్టె కట్టుకుని వచ్చాడు. ఎర్ర రంగు రేకు పెట్టె, పైన సందు. బడి గోడకు మేకులు కొట్టించాడు. జనం చేరారు.

"ఏమప్పా, హుండీ ఈడ పెడతాండారు. సామి యాడ?" అని తిప్పయ్య అనే ముసలాయన అడిగాడు.

"సామి కల్యాణదుర్గంలో ఉంటాడు తాతా. మీ మొర అక్కడికి చేరుతుంది" అన్నాడు విజయభాస్కర్.

"అయితే గుండు గీకించుకోను ఆడికే పోవల్ల."

జనం నవ్వారు. విజయభాస్కర్ కూడా నవ్వాడు. తర్వాత చెప్పాడు: ఎవరు డబ్బు అడిగినా, ఎవరు బెదిరించినా, రాసి ఇందులో వేయండి. పేరు రాయనక్కర లేదు. పేరు బయటికి రాదు. దానికి పూచీ నాది.

తిప్పమ్మకు చదువు రాదు. ఆమె మహేశ్వరి దగ్గరికి పోయింది. మహేశ్వరి ఆ వీధి పిల్లే, పదో తరగతి పాసైంది, వయసు ఇరవై రెండు. సంస్థకు ఊళ్లో పని చేసేది ఆమె. జీతం తొమ్మిది వందలు. ఆరు నెలలకోసారి కమిటీ తీర్మానం చేస్తే ఆ పని కొనసాగుతుంది.

"రాస్తే ఏమన్నా అవుతాదా పాపా?" అని తిప్పమ్మ అడిగింది.

"ఏం కాదవ్వా. సారు చెప్పినాడు గదా. పేరే ఉండదు."

"నీ దస్తూరీ తెలుస్తాదేమో."

"ఎడమ చేత్తో రాస్తాలే."

మహేశ్వరి ఎడమ చేత్తో రాసింది. ఐదు వాక్యాలు. ఎవరు ఎక్కడ కూర్చుని ఎంత తీసుకుంటున్నారు, ఏమని చెబుతున్నారు, అంతే. రాసి మడిచి ఇచ్చింది. "పోయి వేసేయి, సాలు" అంది.

తిప్పమ్మ వెంటనే వేయలేదు. ఆ పక్క ఊళ్లలో మొక్కు ఏదైనా వట్టి చేత్తో పెట్టెలో వేయరు. కదిరి నరసింహస్వామికైనా, గూగూడు కుళ్ళాయస్వామికైనా రూపాయి పెట్టి ముడుపు కట్టాలి. కట్టని మొక్కు చేరదని వాళ్ల నమ్మకం. ముడుపుకు ఉతికిన గుడ్డ కావాలి. ఇంట్లో ఉతికి ఉన్నది నల్లప్ప తువ్వాలు ఒకటే. తాడిపత్రిలో మూతికి కట్టుకోవడానికి మేస్త్రీ ఇచ్చినది. తెల్ల గుడ్డ, అంచున ఎర్ర గీత, దాని పక్కన నీలి గీత. తాడిపత్రి పనికి ఆ ఊరి నుంచి పోయింది నల్లప్ప ఒక్కడే. దుమ్ము లేస్తే ఇప్పటికీ అది మూతికి కట్టుకునే కూర్చుంటాడు.

తిప్పమ్మ ఒక మూల చించింది. పసుపులో ముంచి ఆరబెట్టింది. కాగితం, రూపాయి పెట్టి మూడు ముళ్లు వేసింది. పెట్టెలో వేసి రెండు చేతులూ జోడించింది.

అక్టోబరు 14న ఆ ముళ్లు విప్పింది విజయభాస్కర్. కాగితం లోలోపల చదువుకుని జేబులో పెట్టుకున్నాడు. గుడ్డను బల్ల మీద వదిలేశాడు. ఓబుళేసు దాన్ని తీసుకుని రెండు చేతులతో సాగదీశాడు. పసుపు కింద ఎర్ర గీత, నీలి గీత కనిపించాయి.

"నల్లప్ప మూతి గుడ్డ గదా మహేశ్వరీ ఇది?"

మహేశ్వరి పుస్తకంలో రాస్తూ ఉంది.

"నిన్నేమ్మే అడిగేది."

"తెలీదన్నా."

"తెలీదా? ఎదురుగా కూచోనుండాడు, సూడు."

బడికి ఎదురు వరసలో మూడో ఇల్లు నల్లప్పది. నల్లప్ప అరుగు మీద ఉన్నాడు.

పుస్తకంలో ఆ రోజు రాసినది ఇది: "పెట్టె కమిటీ అధ్యక్షుని సమక్షంలో తెరవబడినది. ఫిర్యాదు ఒకటి. నాణెం ఒక రూపాయి, కమిటీ ఖాతాకు జమ." కింద మూడు సంతకాలు ఉన్నాయి. ఫిర్యాదు మీద విచారణ జరిపి ఇరవై ఒక్క రోజుల్లో నివేదిక పంపాలని సంస్థ నియమం. విచారణ ఊరి కమిటీ చేయాలి.

అక్టోబరు 30న మహేశ్వరి ఒక కాగితం, ఇంకు ప్యాడు పట్టుకుని తిప్పమ్మ ఇంటికి వచ్చింది. మందు అయిపోయిన రోజుల్లో అది మూడోది. నల్లప్ప మంచం మీద ఉన్నాడు.

"ఏం కాగితం పాపా?"

"నీ అర్జీ ముట్టిందని అవ్వా. వేలు వేస్తే పైకి పోతాది."

"పేరు వద్దంటివే?"

"ఇది ఆఫీసులో ఉండేది. ఎవురూ సూడరు."

మంచం మీద నుంచి నల్లప్ప అన్నాడు: "సదివి చెప్పు పాపా."

మహేశ్వరి చదివింది. "కంబదూరు మండలం, ఎర్రబండపల్లి గ్రామంలో, తేదీ పద్నాలుగు పది రెండువేల మూడున అందిన ఫిర్యాదు గురించి..." అక్కడ ఆపింది.

"అంతేనా?"

"అంతే తాతా. మిగిలినదంతా ఆఫీసు రాత."

"నీకు శంక ఏమప్పా" అని తిప్పమ్మ మొగుణ్ణి కసిరింది. "రాసింది ఆ పాపే గదా. యాడ వేయల్ల?"

మహేశ్వరి చోటు చూపించింది. తిప్పమ్మ ఎడమ బొటనవేలు వేసింది. లేచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మహేశ్వరి తాగకుండా పోయింది.

నవంబరు 11న పెట్టె రెండోసారి తెరిచారు. ఖాళీగా ఉంది. మరుసటి రోజు కమిటీ కూర్చుని మహేశ్వరి పనిని ఆరు నెలలు పొడిగిస్తూ తీర్మానం చేసింది.

డిసెంబరు 6, శనివారం, తిప్పమ్మ వరసలో ఆరో మనిషిగా నిలబడింది. ఆరో పేరు వేరే వాళ్లది పిలిచారు. తన పేరు కోసం చివరి దాకా నిలబడింది. పిలవలేదు. సంస్థ మనిషి జాబితా చూసి, కమిటీ తిరిగి పరిశీలించిందనీ, ఇంట్లో పని చేయగల మనిషి ఉన్నందువల్ల పేరు తీసేశారనీ చెప్పాడు.

"ఎవురప్పా ఆ మనిషి?"

"తిప్పమ్మ అని రాసుంది."

ఆమె గేటు దగ్గరికి పోయింది. ఓబుళేసు కుర్చీలో ఉన్నాడు. ఎదురుగా బల్ల మీద నోట్లు, వాటి మీద రాయి.

"ఓబుళేసప్పా, నేను పనికి పోతే ఆయప్పను ఎవురు సూస్తారు? పేరు రాసినప్పుడు నీకు తెలీదా?"

"నన్నేంటికి అడుగుతావు? ముడుపు కడితివి గదా. సామినే అడుగు."

పక్కనున్న ఇద్దరు నవ్వారు. ఓబుళేసు నవ్వలేదు.

"రూపాయి కూడా ఏసినావంట" అన్నాడు. "నేను వంద తీసుకున్నా నీకు నాలుగు నూర్లు ఇప్పిచ్చినా. ఆ సామి రూపాయి తీసుకోని ఏమిచ్చినాడు?"

తిప్పమ్మ సోమవారం కల్యాణదుర్గం పోయింది. బస్సు చార్జీకి తిప్పయ్య దగ్గర చేబదులు తీసుకుంది. విజయభాస్కర్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఫైలు తీశాడు.

"ఫిర్యాదు పరిష్కారమైంది కదమ్మా" అని చదివి వినిపించాడు. కమిటీ విచారణ జరిపిందనీ, డబ్బు వసూలు చేసినట్టు రుజువు కాలేదనీ, అపోహ వల్ల ఫిర్యాదు చేశాననీ, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాననీ, సంతృప్తి చెందాననీ ఆ కాగితంలో ఉంది. కింద వేలిముద్ర ఉంది. సాక్షి సంతకం మహేశ్వరిది. కుడి చేత్తో చేసింది.

"మళ్లోసారి సదువు సారూ, ఆ పాప పేరు" అంది తిప్పమ్మ.

అతను చదివాడు.

"మీ వేలిముద్రే కదమ్మా?"

"ముద్ర నాదే. మాట నాది కాదు." ఫైలు వైపు వేలు చూపించింది. "పేరు బయటికి రాదని నువ్వే గదా పూచీ పడితివి."

"రాలేదమ్మా. రికార్డులో ఎక్కడా మీ పేరు లేదు. కావాలంటే చూడండి."

"పేరు లేకుంటే, వేలు వేయించుకోను నా ఇంటికే ఎట్లొచ్చినారు?"

విజయభాస్కర్ ఫైలు మూశాడు. మీకు ఇంకా ఇబ్బంది ఉంటే కొత్తగా ఫిర్యాదు చేయవచ్చని చెప్పాడు. ఊళ్లోనే పెట్టె ఉందన్నాడు. ప్రతి నెలా రెండో మంగళవారం తప్పకుండా తెరుస్తామన్నాడు.

జనవరిలో తిప్పమ్మ చెరువు పూడిక పనికి పోయింది. పొద్దున ఏడింటికి పోయి సాయంత్రం ఐదింటికి వచ్చేది. పోయేముందు నల్లప్ప మంచం దగ్గర చెంబుతో నీళ్లు, మందు పెట్టేది. పని వారానికి మూడు రోజులే దొరికేది. మందు పూటకోసారికి బదులు రోజుకు ఒకసారి ఇవ్వడం మొదలుపెట్టింది.

2004 ఫిబ్రవరి 17న నల్లప్ప చనిపోయాడు. అప్పుడు తిప్పమ్మ చెరువులో ఉంది. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు తిప్పయ్య చెరువు గట్టు మీదికి వచ్చి కేక వేశాడు. ఆమె ఇంటికి వచ్చేసరికి నల్లప్ప మంచం కింద, గోడకు వీపు ఆనించుకుని ఉన్నాడు. చెంబు దొర్లి ఉంది.

మూడో రోజు మహేశ్వరి వచ్చి గడప బయట నిలబడింది. లోపలికి రమ్మని తిప్పమ్మ అనలేదు.

"అవ్వా, నేను..."

"ఆ పొద్దు నీ తాత సదవమంటే సగం సదివినావు" అంది తిప్పమ్మ. "మిగిలింది ఇప్పుడు సదువు."

"కాగితం నా దగ్గర లేదవ్వా. ఆఫీసులో ఉండాది."

"నువ్వు రాసిందే గదా. నోటికి వస్తాదిలే. సదువు."

మహేశ్వరి వెళ్లిపోయింది. ఆ వీధిలో ఇద్దరు ఆడవాళ్లు ఇది విన్నారు.

మార్చి 9, మంగళవారం. ఉదయం పదకొండు గంటలకు బడి వరండాలో పెట్టెను ఆరోసారి తెరిచారు. ఓబుళేసు తన తాళం తీశాడు. విజయభాస్కర్ తన తాళం తీశాడు. లోపల ఒక తువ్వాలు ఉంది. తెల్ల గుడ్డ, అంచున ఎర్ర గీత, నీలి గీత. ఒక మూల చించి ఉంది. విజయభాస్కర్ దాన్ని విప్పి, దులిపి, పెట్టెలోకి మళ్లీ తొంగి చూశాడు. మహేశ్వరి పుస్తకంలో రాసింది. ముగ్గురూ సంతకాలు చేశారు.

"గుడ్డ ఒకటి. కాగితము లేదు. ఈ నెల ఫిర్యాదులు: ఏమియు లేవు."