చెవి వెనక చర్మం

నాకు పెళ్లయి ఇరవై మూడు రోజులు. సీతాఫల్‌మండిలో అత్తగారింట నాకు దక్కిన మొదటి బహుమతి ఒక రహస్యం. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆవిడ వంటింటి తలుపు వెనక నిలబడి చిగుళ్లకు ముక్కుపొడి రుద్దుకుంటారు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి! నా కంటపడగానే, "ఆషర్‌తో అనకు," అన్నారు. నా మొగుడికి కూడా తెలియనిది నాకు తెలుసు! అత్తగారు నన్ను తన జట్టులో కలుపుకున్నారని ఆ సాయంత్రమంతా నాలో నేనే నవ్వుకున్నాను.

అత్తయ్య పేరు మేబెల్. జారిన బుగ్గల్ని బిగించే ఫేస్‌లిఫ్ట్ ఆపరేషన్ చేయించుకోవాలని ఎప్పటినుంచో కోరిక. నెలన్నరలో ఆవిడ పనిచేసిన బడి స్వర్ణోత్సవం; వేదికెక్కేలోగా మొహం సిద్ధం కావాలి. ఆపరేషన్ సోమవారం. శుక్రవారం ఆఖరి పరీక్షకు నన్ను వెంటబెట్టుకుని బేగంపేటలోని క్లినిక్‌కు వెళ్లారు.

డాక్టర్ కల్పలత కాగితం మీద బుగ్గ బొమ్మ గీసింది.

"చూడండి మేడం, చెవి ముందట నుంచి వెనక దాకా కోసి చర్మాన్ని లేపుతం. లేపినాక దానికి కింది నుంచి రక్తం రాదు. ముక్కు దిక్కు నుంచి వచ్చే సన్న నాళాలతోనే బతకాలె. మీ గల్లీల ఆఖరి ఇంటికి నల్లా నీళ్లు ఎట్లొస్తయి? చెవి వెనక కొసకు గట్లనే. పొగ తాగేటోళ్లకు నాళాలు ముడుచుకుంటయి, ఆడ చర్మం నల్లబడి చచ్చిపోతది. అందుకే మళ్ల అడుగుతున్న, పొగ తాగరు కదా?"

"ఛ, మా ఇంటావంటా లేదండి," అన్నారు అత్తయ్య. అబద్ధం కాదు. ఫారంలోనూ అదే రాశారు.

చెబితే అత్తయ్య మళ్లీ నన్ను నమ్మరు. చెప్పకపోతే ఆ చర్మం ఏమవుతుందో!

"డాక్టర్, పొగ కాకుండా ముక్కుపొడైతే?" అన్నాను.

డాక్టర్ నన్ను ఎగాదిగా చూసింది. "ఏందమ్మా, కొత్త పెళ్లికూతురు లెక్కున్నవు, అప్పుడే ముక్కుపొడి షురూ చేసినవా?"

"అవునండి," అన్నాను తల వంచుకుని.

"బంద్ చెయ్. పొగాకు ఎట్ల తీసుకున్నా నాళాలు ముడుస్తది. నీ మొగునికి ఎరుకనా? ఫోన్ కలుపు, నేనే చెప్తా."

అత్తయ్య కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. "పిల్లని వదిలేయండి. వేసేది నేను. ముప్పై ఏళ్లుగా."

నాలుగు వారాలు ముట్టకుండా ఉంటేనే కత్తి పడతానంది డాక్టర్. కోశాక వాపు తగ్గడానికి ఇంకో నెల. అంటే స్వర్ణోత్సవానికి కొత్త మొహం లేనట్టే.

ఆటో రసూల్‌పురా దాటగానే అత్తయ్య నా వైపు తిరిగారు.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు," అన్నారు.

"నేనెక్కడ చెప్పాను? మీరే చెప్పారు అత్తయ్యా."

"పైగా ఎదురు సమాధానం!"

ఆ రాత్రి ఆషర్‌కు తనే చెప్పుకున్నారు. స్వర్ణోత్సవంలో పాత మొహంతోనే, ముక్కుపొడికి బదులు యాలకులు నములుతూ వేదికెక్కారు. ఆ తర్వాతి వారం ఆపరేషన్ జరిగింది.

ఎనిమిదో రోజు డాక్టర్ కట్టు విప్పింది. చెవి వెనక వేలితో నొక్కి వదిలింది. నొక్కినచోట తెల్లబడ్డ చర్మం వెంటనే గులాబీ రంగుకు తిరిగింది. నాకు అక్కడే గెంతాలనిపించింది.

"ఏమే, నల్లగా ఉందా?" అన్నారు అత్తయ్య, మెడ తిప్పకుండా.

"లేదు అత్తయ్యా. గులాబీ రంగు."

"సరిగ్గా చూసి చెప్పు."

వంగి మళ్లీ చూశాను.