పన్నెండో కుర్చీ

తొమ్మిదో తరగతి మరుగుదొడ్ల కాలువ మళ్లీ ఎగదన్నింది. ఆయా మోచేతి దాకా చెయ్యి దూర్చి ఇనుప ఊచతో పొడుస్తోంది. రేపు బడి పుట్టినరోజు, బిషప్‌గారు వస్తున్నారు. బడంతా అద్దంలా ఉండాలని పొద్దున ప్రార్థనలో పెద్ద సిస్టరు చెప్పింది. ఉండాలని చెప్పేవాళ్లు ఒకరు, ఉంచేవాళ్లు ఇంకొకరు. ఉంచే మనిషికి నెలకు ఏడు వేలు. చేతికి తొడుగులు అడిగితే మాత్రం ఎప్పుడూ వచ్చే నెలే.

"ఆయమ్మా, పెద్ద సిస్టరు పిలుస్తోంది" అన్నాడు వాచ్‌మన్ బయటినుంచి, ముక్కు మూసుకుని.

"సగంలో వదిలేస్తే గదంతా నిండుతుంది."

"నిండితే నిండనీ. ఆవిడ గొంతు చాలా మెత్తగా ఉంది. చూసుకో మరి."

ఆయా ఊచ పక్కన పడేసింది. పెద్ద సిస్టరు అరిస్తే బళ్లో ఎవరూ భయపడరు. ఆవిడకు అరుపూ ఊపిరీ ఒకటే. మెత్తగా మాట్లాడిన రోజే ఎవరికో మూడుతుంది. పోయిన ఏడాది తోటమాలిని తీసేసినప్పుడు "నాన్నా, నాన్నా" అంటూనే తీసేసింది.

సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని ఆఫీసు గడప దగ్గర నిలబడింది. సిస్టరు తన ఎదుటి కుర్చీ చూపించింది.

"రామ్మా, కూర్చో."

రోజూ తుడిచే కుర్చీయే. ఎన్నడూ కూర్చున్నది లేదు. ఆయా అంచున ఆనీ ఆనకుండా కూర్చుంది.

"మీ అమ్మాయి బైబిలు పరీక్షలో మొదట వచ్చింది. రేపటి పన్నెండు మందిలో మాస్టారు దాన్ని కూడా వేశారు."

ఆ సంగతి ఆయాకు వారం కిందటే తెలుసు. ప్రభువు తన శిష్యుల పాదాలు కడిగినందుకు గుర్తుగా, బడి పుట్టినరోజున బిషప్‌గారు పన్నెండు మంది పిల్లల పాదాలు కడుగుతారు. పన్నెండు కుర్చీలు, ఒక గిన్నె, ఒక తువ్వాలు. ఆ పిల్లల ఫోటో మెట్ల దగ్గర గోడకెక్కుతుంది. వారం నుంచీ పిల్ల నేల మీద నడవడం లేదు.

"కొందరు పెద్దవాళ్లు ఫోన్లు చేశారమ్మా" అంది సిస్టరు. "అదే గిన్నె, అదే తువ్వాలు మా పిల్లల కాళ్లకా అని. నేను అలాంటివి నమ్మను. ప్రభువూ నమ్మడు. కానీ కొత్త హాలుకి పైకప్పు వేయించేది కంట్రాక్టరుగారు. మొదటి ఫోను ఆయనదే."

చల్లకొచ్చి ముంత దాస్తోంది సిస్టరు. ఇక ఆయానే అడిగేసింది. "దాన్ని తీసేస్తారా సిస్టరమ్మా?"

"ఛ, నేనెందుకు తీసేస్తాను? నేను తీసేస్తే అన్యాయం. అది తనంతట తానే తప్పుకుంటే త్యాగం. కడుపునొప్పి అని చెప్పమను, చాలు."

సిస్టరు గొంతు ఇంకా మెత్తబడింది.

"వచ్చే నెల నుంచి శుభ్రం పనంతా ఒక కంపెనీకి ఇస్తున్నాం. పాతవాళ్లలో ఎవరిని ఉంచుకోవాలో నేను చెప్పాలి. నీ సంగతి నా మనసులో ఉంది. పిల్ల ఫీజు మాఫీ సంగతి కూడా ఉంది."

బల్ల మీద ఫోన్ మోగింది. సిస్టరు దానివంక భయంగా చూసింది, ఎత్తలేదు. ఆవిడ నిద్రపోయి ఎన్నాళ్లయిందో అనిపించింది ఆయాకు. జాలి కూడా వేసింది. తన మెడకు ఉరి బిగిస్తున్న మనిషి మీద జాలిపడడం బీదవాళ్లకు ఉన్న పెద్ద జబ్బు.

తిరిగి వస్తుంటే కుళాయి దగ్గర పిల్లలు వరసగా కాళ్లు తోముకుంటున్నారు.

"రేపు కడిగించుకోవడానికి ఇవాళే కడుక్కుంటున్నారు" అని నవ్వాడు వాచ్‌మన్. "పెద్దాయనకు శ్రమ లేదు." ఆయా నవ్వలేదు.

సాయంత్రం ఇంట్లో కూతురు బకెట్లో కాళ్లు పెట్టుకుని రాయితో మడమలు రుద్దుతోంది.

"చూడమ్మా, పగుళ్లు పోయాయి."

"రేపు కడుపునొప్పి అని చెప్పవే."

"నాకు కడుపునొప్పి లేదుగా."

"ఉందని చెప్పు. ఆ కుర్చీ మనకొద్దు."

"ఎందుకొద్దు?"

ఆయా గోడవైపు తిరిగింది. "నేను చేసే పని వల్ల."

పిల్ల రాయి పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. "తనని శత్రువులకు అప్పగించబోయే శిష్యుడి కాళ్లు కూడా కడిగాడమ్మా ప్రభువు. పరీక్షలో రాస్తే మార్కులు వేశారు. మనం ఎవరిని అప్పగించాం?"

"పరీక్ష వేరు, బతుకు వేరు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తేకు."

"నేను చెప్పను. కావాలంటే నన్ను లేవమని వాళ్లనే చెప్పమను."

ఆయా పిల్ల చెంప మీద కొట్టింది. పిల్ల ఏడవలేదు, కాళ్లు తుడుచుకుని పుస్తకం తీసింది. ఏడిస్తే బాగుండేది. ఆయాకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పొద్దున వరండాలో సిస్టరు ఎదురొచ్చింది. "చెప్పావా?"

"చెప్పాను సిస్టరమ్మా."

అది నిజమే.

బిషప్‌గారు వచ్చేసరికి హాలు కిక్కిరిసింది. ఆయాను పక్క తలుపు దగ్గర నీళ్ల బిందెలతో నిలబెట్టారు. కూతురు అందరికంటే ముందే వెళ్లి పన్నెండో కుర్చీలో కూర్చుంది. పదకొండో కుర్చీ కుర్రాడు తన కుర్చీని జానెడు పక్కకు జరుపుకున్నాడు. పదోవాడు కూడా జరిగాడు. ఆ కుర్చీ ఖాళీ అవుతుందని స్తంభం చాటున కంట్రాక్టరు కూతురు ఒక కాలి జోడు అప్పుడే విప్పేసుకుని నిలబడి ఉంది.

పాటతో పాటు పాదాలు కడగడం మొదలైంది. బిషప్‌గారు ముసలాయన, ఒక్కో కుర్చీ దగ్గర వంగి లేస్తూ రొప్పుతున్నారు. పెద్ద సిస్టరు ఆయా దగ్గరకు వచ్చి పళ్ల బిగువున అంది. "వెళ్లి దాన్ని బయటికి తీసుకురా. ఇప్పుడే."

ఆయా నడిచింది. హాలంతా చూస్తోంది. కుర్చీ దగ్గరకు వెళ్లి చూస్తే నిన్నటి మొండితనం పిల్ల మొహంలో లేదు. జోడు తాడు ముడి పడిపోతే విప్పుకోలేక వేళ్లతో పీకుతోంది.

"అమ్మా, లేచి వచ్చేయనా?" అంది, వినీ వినపడకుండా.

ఆ మాటతో ఆయాకు ఒళ్లు మండిపోయింది. పిల్ల మీద కాదు.

"కూర్చో" అంది.

అక్కడే నేలమీద కూర్చుని ముడి విప్పింది. జోడు తీసింది, మేజోడు తీసింది. సిస్టరు గబగబా వచ్చి వంగింది.

"ఏం చేస్తున్నావు? పిల్లకు కడుపునొప్పి కదా."

"లేదంట సిస్టరమ్మా. అడిగాను."

పాట అయిపోయింది. మళ్లీ ఎత్తుకోమని ఎవరూ చెప్పలేదు. పదకొండో కుర్రాడి పాదం తుడవడం ముగించి బిషప్‌గారు చెంబుతో ఇటు తిరిగారు. ఆ పాదం వంకా, సిస్టరు వంకా మార్చి మార్చి చూస్తున్నారు. మొదటి వరసలో ఒక కుర్చీ కిర్రుమంది. కంట్రాక్టరు లేచి నిలబడ్డాడు.

ఆయా లేవలేదు.