భుజం ఎత్తు

సిద్ధయ్య కారు అద్దాలు తుడుస్తూ ఎడమ చెవిని ఇంటి తలుపు వైపు పెట్టుకున్నాడు. కుడి చెవి ఎటు తిప్పినా లాభం లేదు. ఈ అరబ్బు దేశానికి వచ్చి సల్వాలోని ఈ ఇంట్లో డ్రైవరుగా చేరిననాడు రెండు చెవులూ శుభ్రంగా వినపడేవి.

యజమాని బాబాకు తుపాకీ సరదా. చలికాలం ఎడారిలో గుడారం వేసి, దూరంగా నూనె డబ్బాలు పేర్పించి, సిద్ధయ్యను ముందు నిలబెట్టుకుని, అతని కుడి భుజం మీద తుపాకీ ఆన్చి డబ్బాలను కాల్చేవాడు. కదలకూడదు. ఊపిరి కూడా బిగబట్టాలి. బాబా చెవులకు మెత్తని తొడుగులు ఉండేవి. సిద్ధయ్యకు తలగుడ్డ ఉండేది.

రాయచోటి వైపు మనిషి. నోట్లో నాలుక లేనివాడు. పెళ్లాం సుబ్బరత్నమ్మ ఫోన్ చేస్తే ఎడమ చెవి దగ్గరే పెట్టుకుంటాడు. కుడి చెవి పోయిందని ఆమెకు కూడా చెప్పలేదు. ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు గడువు నెలాఖరుకు తీరిపోతోంది. వెనక నుంచి హారన్ కొట్టినా వినపడటం లేదని ఇంటి యజమానురాలు మామా ఇప్పటికే గొడవ చేసింది. బాబా ఇఖామా మళ్లీ కొట్టిస్తాడా లేదా అన్నదే అతని దిగులు. ఇవాళ బాబా షాపుకు తోడు రమ్మన్నాడు కాబట్టి కొట్టిస్తాడనే అనుకున్నాడు.

అది వేట సామాన్ల షాపు. బాబా స్కాట్లండు కొండల్లో జింకల వేటకు వెళ్తున్నాడు. అక్కడ మనిషి భుజం మీద తుపాకీ పెడితే నవ్వుతారట, కర్రల మీద ఆన్చాలట. షాపులో అమ్మే ఉదయ్‌కుమార్ది అమలాపురం. రెండు కాళ్లవీ, మూడు కాళ్లవీ, నాలుగు కాళ్లవీ వరసగా తెరిచి చూపించాడు. బాబా ఒక్కోదాన్నీ నొక్కి, ఊపి చూశాడు. గాలికి వణుకుతుందా? కాళ్లు ఒకదానికొకటి తగిలి చప్పుడైతే జింక పారిపోదూ? రాయి మీద జారకుండా అడుగున రబ్బరు ఉందా? కర్రకు ఇంత పరీక్ష! నొప్పి పుడుతోందా అని ఆ భుజాన్ని ఒక్కనాడైనా అడిగాడా ఈ పెద్దమనిషి?

చివరికి మూడు కాళ్లది నచ్చింది. ఎంత ఎత్తులో పెట్టాలన్నదే తేలలేదు.

"సిద్ధయ్యా, యల్లా, ఇటొచ్చి నిలబడు. నీ ఎత్తే నాకు అలవాటు."

నిలబడ్డాడు. అలవాటుగా ఊపిరి బిగబట్టాడు కూడా. ఉదయ్‌కుమార్ కర్రల్ని అతని భుజం పక్కన పెట్టి, కాళ్లు సాగదీసి, మరలు బిగించాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"ఏవండీ, మీ భుజం మీద పెట్టి కాల్చేవారాండీ?"

సిద్ధయ్య ఎడమ చెవి తిప్పాడు. "ఔనప్పా."

"మరి చెవులకేం పెట్టుకునేవారండీ?"

"తలగుడ్డ."

"అయ్యబాబోయ్! ఆయనకి చెవుల తొడుగులు అమ్మింది నేనేనండీ. ఇంకో జత ఇమ్మని ఒక్కసారి కూడా అడగలేదండీ ఆయన."

సిద్ధయ్య కర్రల పక్క నుంచి జరిగాడు. ఇన్నేళ్లకు మొదటిసారి, బాబా చెప్పకుండానే కదిలాడు.

తిరుగుదారిలో అతనే అడిగాడు. "నా ఇఖామా సంగతేమి బాబా?"

బాబా వెనక సీట్లోంచి ముందుకు వంగి, వినపడే చెవి చూసుకుని మరీ చెప్పాడు. "ఖలాస్. కొత్తవాడు వస్తున్నాడు. వినపడని మనిషి చేతికి కారు ఎలా ఇవ్వను?"

ఎంత న్యాయంగా అన్నాడో! సిద్ధయ్య కారు పక్కకు తీసి ఆపాడు. వెనక్కి తిరిగాడు.

"ఈ సెవి యాడ పోయింది బాబా? నీ తుపాకీ కిందనే గదా పోయింది!"

బాబా నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నొప్పి అని నువ్వెప్పుడూ అనలేదే?"

కదలొద్దన్న నోటితోనే అడుగుతున్నాడు, ఎందుకు చెప్పలేదని! ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే.

ఇంటి ముందు కారు ఆగాక, కర్రలు లోపలికి తెమ్మని బాబా సైగ చేశాడు. సిద్ధయ్య తాళాలు అతని చేతిలో పెట్టాడు.

"డిక్కీలో ఉండాయి బాబా. నువ్వే మోసుకో."

బాబా తనే డిక్కీ తెరిచి, కర్రలు తీసుకుని లోపలికి వెళ్లాడు.

నెలాఖరున సిద్ధయ్య విమానం ఎక్కాడు. అతను ఖాళీ చేసిన గదిలోకి వచ్చిన కొత్త డ్రైవరు, సంచి దించి లైటు వేశాడు. మేకుకు ఒక తెల్లచొక్కా వేలాడుతోంది. ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది. కుడి భుజం దగ్గర మాత్రం గుడ్డ అరిగిపోయి, వెనకున్న గోడ కనపడుతోంది.